త్రైరాశికపు కథ

సాయంకాలము ఆరు గంటలు దాటిన పిమ్మట మల్కాజిగిరి మొదలుకొని నాచారము మీదుగా ఉప్పలు వరకు ఏ వీధిని నడిచినను ఇంచుమించు ఒకే సందడి వినవచ్చును. వంటయింట తిరగమోత చప్పుడు, కూడలిలో వాహనముల హోరు, ముందుగదిలో రేడియో, ఆ మూడింటిని మించి ఒక బాలుని గొంతో బాలిక గొంతో: "ఎక్స్ విలువ ఎంత?" ఆరవ తరగతిలో ప్రవేశించిన యేట మన పిల్లలకు అంకెల నడుమ అక్షరములు కానవచ్చును. నిష్పత్తి, అనుపాతము, సమీకరణము అను మాటలు అప్పుడే ఎదురగును. అంతవరకు పిల్లల లెక్కలు తామే చూచుకొన్న తలిదండ్రులలో అనేకులు ఆ యేటనే పుస్తకము మూసి, ఇక ట్యూషనుకు పంపవలసినదే యని నిశ్చయించుకొందురు.

ఇటీవల ఒక సాయంకాలము ఉప్పలులో మా మిత్రుని యింట ఇట్టి ఘట్టమే మా కంటబడినది. మిత్రుని కుమార్తె ఏడవ తరగతి చదువుచున్నది. ఆమె ముందున్న లెక్క యిది: ఆరుగురు మేస్త్రీలు ఒక గోడను పది దినములలో కట్టుదురు, పదునైదుగురు కట్టినచో ఎన్ని దినములు పట్టును? ఆ బాలిక పదునైదును పదితో గుణించి, ఆరుతో భాగించి, ఇరువదియైదు దినములని వ్రాసినది. మా మిత్రుడు నాచారములోని ఒక కర్మాగారమున ఉద్యోగి. ఆయన పుస్తకము చూచి, "మేము ఏకవస్తు పద్ధతి అని చేసేటోళ్లం. వీళ్ల తీరు వేరు" అని దానిని తిరిగి యిచ్చివేసెను. మంచముపై కూర్చుండిన తాతగారికి ఎనుబది తొమ్మిదేండ్లు. ఆయన, "ఏది బిడ్డా, నాకు చదివి చెప్పు" అనెను. ఆ చిన్నది మెల్లగా, "తాతా, నీకు ఇంగ్లీషు లెక్కలు రావు కదా" అనెను. పెద్దాయన మారు పలుకక గోడవైపు తిరిగెను.

ఆ మాటలో తప్పు పట్టవలసినది లేదు. ఆ పిల్ల ఎగతాళిగా అనలేదు. నిజమని నమ్మి అన్నది. కాని ఇంగ్లీషు లెక్కలని వేరుగా నున్నవా? ఆ పుటలోని లెక్క మన యిండ్లలోనికి ఏ త్రోవన వచ్చినది? దీనిని శ్రోతలతో కలిసి విచారింపవలెనని మాకు తోచినది.

అనుపాతపు లెక్కకు మన పూర్వులు పెట్టిన పేరు త్రైరాశికము. మూడు రాశులు తెలిసియుండగా వాని సాయమున నాల్గవదానిని కనుగొనుట దీని పని. ఐదు కొబ్బరికాయలు 150 రూపాయలైనచో ఎనిమిది కాయలు ఎంత? ఇందులో ఐదు ప్రమాణము, 150 ఫలము, ఎనిమిది ఇచ్ఛ. ఫలమును ఇచ్ఛతో గుణించి ప్రమాణముతో భాగింపవలెను. 240 రూపాయలు వచ్చును. క్రీస్తు శకము 499 నాటి ఆర్యభటీయములో ఈ సూత్రము ఈ పేర్లతోనే యున్నది. అనగా పదునైదు వందల సంవత్సరములుగా ఈ గడ్డపై మారని లెక్క యిది. 1150లో లీలావతిని రచించిన భాస్కరాచార్యులు గణితమంతయు త్రైరాశికముచే వ్యాపింపబడియున్నదని భావించెను. వడ్డీ, వాటాలు, బంగారపు వన్నె, ధాన్యపు మారకము, నీడను బట్టి ఎత్తు కట్టుట, అన్నియు దీని శాఖలే.

ఈ విద్య తెలుగులోనికి వచ్చిన విధము గర్వింపదగినది. తొమ్మిదవ శతాబ్దిలో రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలమున మహావీరాచార్యుడను జైన పండితుడు గణితసారసంగ్రహమను సంస్కృత గ్రంథమును రచించెను. అందులో త్రైరాశికమునకు ప్రత్యేకముగా ఒక ప్రకరణము కలదు. అమోఘవర్షుని రాజధాని మాన్యఖేటము. అదియే నేటి మల్ఖేడు. 1956 వరకు ఆ యూరు మన హైదరాబాదు రాష్ట్రములోని గుల్బర్గా జిల్లాలోనిదే.

ఆ గ్రంథమును పావులూరి మల్లన తెలుగు పద్యములలో సారసంగ్రహ గణితముగా అవతరింపజేసెను. జనులు దానిని పావులూరి గణితమనియే పిలిచిరి. మల్లన కాలమును గూర్చి పండితులలో అభిప్రాయభేదము కలదు. రాజరాజనరేంద్రుని సమకాలికుడైన మల్లనయే కర్తయని కొందరు, ఆయన మనుమడైన మరియొక మల్లన కర్తయని మరికొందరు చెప్పుదురు. ఏది యెట్లున్నను నన్నయ భారతమునకు సమీపకాలముననే తెలుగులో గణితము వెలసినదనుట స్పష్టము. మహావీరుడు జైనుడు, మల్లన శైవుడు. కనుక మూలమున జినుని ప్రసక్తియున్న తావుల తెలుగులో శివుని ప్రసక్తి చేరినది. దైవము మారెను, అలవాట్లు మారెను, భాష మారెను. గుణకార భాగహారములు మారలేదు. గణితమును ఒక నేల నుండి మరియొక నేలకు తెచ్చుకొనుటయన నిదియే. తరువాత ఏలుగంటి పెద్దన భాస్కరుని లీలావతిని ప్రకీర్ణగణితమను పేర తెనిగించెను.

పద్యము కంఠస్థము చేయుటకు అనువైనది. కాగితము లేని కాలమున అది పెద్ద మేలు. అయితే అందు ఒక అపాయమును కలదు. 1823లో బళ్లారి కలెక్టరుగా నుండిన కాంబెలు తన జిల్లాలోని వీధిబడులను గూర్చి ప్రభుత్వమునకు ఒక నివేదిక వ్రాసి పంపెను. మొత్తము 533 బడులలో 226 తెలుగు బడులు. విద్యార్థులందరు కలిసి 6,641 మంది. పొద్దున మొదట బడికి వచ్చిన పిల్లవాని అరచేతిపై సరస్వతియని వ్రాయుదురట. రెండవవానికి సున్న; వానికి మెప్పును లేదు, నిందయు లేదు. మూడవవానికి ఒక దెబ్బ, నాల్గవవానికి రెండు, ఆపై ఒక్కొక్కటిగా పెరుగును. ఆలస్యముగా వచ్చు పిల్లలకు శ్రేఢీగణితము ఈ విధముగా అరచేతిలోనే బోధపడెడిదన్నమాట! ఇసుకలో వ్రాసి నేర్చుటను, పెద్ద పిల్లలు చిన్నవారికి చెప్పుటను కాంబెలు మెచ్చుకొనెను. కాని పిల్లలు పద్యములను అర్థము తెలియకయే వల్లించుచున్నారని ఆయన విచారించెను. ఎక్కములు నోటికి వచ్చుట వేరు, లెక్క యేమి అడుగుచున్నదో తెలియుట వేరు. ఈ తేడాను ఉప్పలులోని గోడ లెక్క వద్ద మరల జ్ఞప్తికి తెచ్చుకొందము.

ఇక ఎక్స్ మాట. తెలియని రాశికి పేరు పెట్టి, తెలిసిన దానివలెనే దానితో వ్యవహరించుట బీజగణితమునకు ప్రాణము. 628లో బ్రహ్మగుప్తుడు తెలియని రాశులను వర్ణములచే, అనగా రంగులచే సూచించెను. భాస్కరుడు మొదటి అవ్యక్తమును యావత్తావత్ అనెను. ఎంతయో అంత యని దాని యర్థము. ఆపై అవ్యక్తములు వచ్చినచో నలుపు, నీలము, పసుపు అని రంగుల పేర్లు. తెలియనిదానిని చూచి భయపడక దానికొక రంగు వేసి చెంత కూర్చుండబెట్టుకొనుట ఎంత చక్కని యూహ! అదే తొమ్మిదవ శతాబ్దిలో, మహావీరునికి కొంత ముందుగా, బాగ్దాదు నగరమున అల్ ఖ్వారిజ్మీ యను విద్వాంసుడు జబ్ర్, ముఖాబలా అను పేర్లతో ఒక గ్రంథము రచించెను. జబ్ర్ అనగా విరిగినదానిని సరిగా కూర్చుట. ఎముకలు కట్టు వైద్యమునకును అరబ్బీలో ఆ మాటయే. ముఖాబలా అనగా ఇరువైపులను ఎదురెదురుగా సరిచూచుట. ఆ జబ్ర్ నుండియే ఆల్జీబ్రా యను పేరు వచ్చినది. ఆయన హిందూ అంకెల లెక్కలను గూర్చియు వేరొక గ్రంథము వ్రాసెను. కొనుగోలు అమ్మకముల లెక్కలకై బీజగణిత గ్రంథములో ఒక భాగము కేటాయించి, నాలుగు అనుపాత రాశులలో మూడు తెలిసిన నాల్గవది తేల్చుటను వివరించెను. ఈ లెక్కయే ఐరోపా వర్తకుల చేతికి చేరి బంగారు సూత్రమని పేరు గాంచినది.

ఈ రెండు ధారలు కలిసిన చోటు మన హైదరాబాదు. 1917లో నిజాము ఫర్మానా ననుసరించి ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు పూనిక జరిగినది. ఉర్దూను బోధనాభాషగా చేసికొని 1919లో తరగతులు ప్రారంభమైనవి. గణితమును ఇతర శాస్త్రములను ఉర్దూలోనికి తెచ్చుటకై దారుల్ తర్జుమా యను అనువాదశాల 1917లోనే ఏర్పడినది. తార్నాక దాటి ఉప్పలు వైపు వచ్చువారు ఆ విశ్వవిద్యాలయపు నేలను ఆనుకొనియే వత్తురు. ఇంట తెలుగు మాటలాడు పిల్లలు బడిలో లెక్కను హిసాబ్ అనియు, త్రైరాశికమును అర్బా ముతనాసిబా అనియు నేర్చిరి. ఆ మాటకు నాలుగు అనుపాత రాశులని యర్థము. ఇక్కడ ఒక చిన్న విశేషము గమనింపదగినది. మన సంప్రదాయము తెలిసిన మూడింటిని లెక్కించి త్రైరాశికమన్నది. ఆ సంప్రదాయము తెలియని దానిని కూడ చేర్చి నాలుగన్నది. ఆ నాల్గవదియే మన పిల్లలు వ్రాయుచున్న ఎక్స్.

మా మిత్రుని తండ్రిగారు చదివినది ఆ బడులలోనే. ఆ సాయంకాలము మేము పలుకరింపగా ఆయన తన బాల్యములోని ఒక సంగతి చెప్పెను. దాని నేపథ్యము నేటి పిల్లలకు తెలియదు కనుక ముందుగా వివరింతము.

నిజాము రాజ్యమునకు స్వంత నాణెము ఉండెడిది. అది హాలీ సిక్కా. బ్రిటిషు ఇండియా రూపాయిని కల్దారు అనెడివారు. అధికారపు మారకము ప్రకారము ఆరు కల్దారు రూపాయలు ఏడు హాలీ రూపాయలకు సమానము. నూరు కల్దారులకు 116 రూపాయల 10 అణాల 8 పైసల హాలీ. సికింద్రాబాదు ఆంగ్ల సైనికస్థానమైనందున అక్కడ కల్దారు వాడుక యుండెడిది. చుట్టుపట్ల పల్లెలలో హాలీ. పల్లెల నుండి సికింద్రాబాదు సంతకు పోయి వచ్చు రైతు రోజున కొకమారైనను ఆరేడుల త్రైరాశికమును చేయక తప్పెడిది కాదు. చేయలేనివాడు షరాబు చెప్పినదానిని నమ్మెడివాడు.

పోలీసు చర్య 1948 సెప్టెంబరులో జరిగినది. ఆ మరుసటి యేడు ఈ పెద్దాయనకు పదమూడేండ్ల ప్రాయము. తండ్రి బండిపై కూరగాయలు తీసికొనిపోయి సికింద్రాబాదులో అమ్మి 24 కల్దారులు తెచ్చెను. దారిలో నాణెములు మార్చువాడొకడు 26 హాలీ లెక్కించి యిచ్చి, రెండు రూపాయలు ఎక్కువే యిచ్చితినని పలికెనట. కుమారుడు ఇంటి అరుగుపై బొగ్గుతో అర్బా ముతనాసిబా వేసెను. ఆరుకు ఏడు, ఇరువదినాలుగుకు ఎంత? ఇరువదియెనిమిది. తండ్రి మొదట నమ్మలేదు. "మా నాయిన అన్నడు, వాడు పెద్దమనిషి, నువ్వు పోరగానివి అని. నేను మల్ల వేసిన. మల్ల ఇరవై ఎనిమిదే వచ్చింది" అని తాతగారు మాతో చెప్పెను. మరునాడు తండ్రికొడుకులు ఇద్దరు పోయి అడుగగా ఆ మనుష్యుడు ఎదురాడక రెండు రూపాయలు చేతిలో పెట్టెనట. "వాపసు వచ్చేటప్పుడు మా నాయిన నన్ను బండి మీద ముందర కూసోబెట్టుకున్నడు" అని ఆయన ముగించెను.

రెండు రూపాయలు ఆనాడు తక్కువ సొమ్ము కాదు. అయినను ఆయనకు నేటికిని జ్ఞాపకమున్నది ఆ సొమ్ము కాదు. బండిపై ముందు కూర్చుండిన చోటు.

హాలీ సిక్కా చెల్లుబాటు 1959లో పూర్తిగా ముగిసినది. అంతకు ముందే మరియొక మార్పు వచ్చెను. 1957 ఏప్రిల్ 1వ తేదీ నుండి రూపాయికి పదునారు అణాలు పోయి నూరు నయాపైసలు వచ్చినవి. అణాకు ఆరుంబాతిక నయాపైసలు. పావుపైస లేదు కనుక పట్టికలో అణాకు ఆరు, మూడణాలకు పందొమ్మిది, నాలుగణాలకు ఇరువదియైదు అని సరిదిద్దిరి. అణా వస్తువులు నాలుగు విడివిడిగా కొన్నవానికి ఇరువదినాలుగు, ఒకేసారి కొన్నవానికి ఇరువదియైదు! ఆ రోజులలో అంగళ్లయొద్ద ఎంత వాదము జరిగియుండునో ఊహింపవచ్చును. తూనికలకు సంబంధించిన శాసనము 1956లో వచ్చి, 1958 నుండి కిలోగ్రాములు క్రమముగా అమలైనవి. ఎనుబది తులముల సేరు సుమారు 933 గ్రాములు. సేరు పప్పు రూపాయియైనచో కిలోపప్పు రూపాయి ఏడు నయాపైసలు కావలెను. అంతకు మించి అడిగినచో మోసమే. ఒక తరము లోపల నాణెము రెండు మారులు, తూనిక ఒక మారు మారినది. ప్రతి మార్పులోను సామాన్యుని కాపాడినది ఈ మూడు రాశుల లెక్కయే.

వీనికి తోడు భాషయు మారినది. 1948 తరువాత ఉస్మానియాలో ఉర్దూ స్థానమున ఆంగ్లము వచ్చినది. బడులలో తెలుగు వచ్చినది. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడి కళాశాలల వరకు తెలుగు పాఠ్యగ్రంథములు వెలువడినవి. మేమును మా మిత్రుడును నిష్పత్తి, అనుపాతము అని చదివినవారమే. 2022-23 విద్యాసంవత్సరము నుండి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో ఒకటి మొదలు ఎనిమిదవ తరగతి వరకు ఆంగ్లమాధ్యమము ప్రవేశించినది. అందుకై ఒక పుట తెలుగు, ఎదుటి పుట ఆంగ్లముగా పాఠ్యపుస్తకములు ముద్రించిరి. ఇట్లు ఒకే కప్పు క్రింద తాత అర్బా ముతనాసిబా, తండ్రి అనుపాతము, మనుమరాలు ప్రపోర్షన్ అనుచున్నారు. పేరు మారిన ప్రతిసారి ఇంటిలోని పెద్దవారు, మాకు ఈ చదువు రాదని మౌనము వహించుచున్నారు. నష్టమంతయు ఇక్కడనే జరుగుచున్నది. విద్య పోలేదు, విద్యను చెప్పగల నోరు మూతబడినది.

మరల గోడ లెక్కకు వత్తము. బాలిక సూత్రము తప్పలేదు, గుణించినది, భాగించినది. కాని ఈ లెక్క ఆ జాతిది కాదు. ఒకటి పెరిగిన కొలది మరియొకటి తరుగునట్టి సంబంధమును మన గణితజ్ఞులు వ్యస్తత్రైరాశికమని వేరుచేసి చెప్పిరి. నేటి పుస్తకములలో దానిని విలోమానుపాతమందురు. ఏ లెక్క ఏ జాతిదో సూత్రము చెప్పదు, లోకానుభవము చెప్పవలెను. రెండు వందల యేండ్ల క్రిందట బళ్లారి బడులలో కాంబెలు చూచిన లోపమునకు మందు పెద్దల యనుభవములోనే యున్నది.

తాతగారు తన కథ ముగించిన పిమ్మట మనుమరాలు తానే పుస్తకము పట్టుకొని ఆయన మంచము వద్దకు వచ్చెను. లెక్కను తెలుగులో చదివి చెప్పెను. ఆయన పలక అడుగలేదు, కలము అడుగలేదు. "బిడ్డా, మంది ఎక్కువైతే పని జల్దీ అయితదా, ఆలస్యమైతదా?" అని మాత్రము అడిగెను.

"జల్దీ అయితది."

"మరి ఆరుగురికి పది రోజులైతే, పదిహేను మందికి ఇరవై అయిదు ఎట్లయితయి?"

ఆ పిల్ల ఒక క్షణము ఊరకుండెను. పిమ్మట తాను వ్రాసినది కొట్టివేసి, ఆరును పదితో గుణించి, అరువదిని పదునైదుతో భాగించి, నాలుగు దినములని వ్రాసెను. ఆరుగురు పది దినములు చేసిన పని అరువది మంది ఒక దినము చేయు పనితో సమానమని తండ్రి అప్పుడు అందుకొని చెప్పెను. ఏకవస్తు పద్ధతి మరచిపోలేదన్నమాట! "తాతా, మీ అర్బాలో ఎక్స్ ఏది?" అని మనుమరాలు అడిగెను. "నాలుగోది" అని ఆయన నాలుగు వ్రేళ్లు చూపి, చివరిదానిని ముడిచెను.

ఆ యింటికి కొద్ది దూరముననే ఉప్పలులో 1967లో నెలకొన్న సర్వే శిక్షణ సంస్థ కలదు. భూమిని కొలిచి పటములు వ్రాయు విద్య అక్కడ నేర్పుదురు. పటముపై ఒక సెంటీమీటరు నేలపై అర కిలోమీటరైనచో, పటముపై ఏడు సెంటీమీటర్లు మూడున్నర కిలోమీటర్లు. అదియు త్రైరాశికమే. ఆనాడు సికింద్రాబాదు సంతలో నాణెము మార్చుటకును, ఈనాడు దేశపటము వ్రాయుటకును సూత్రమొక్కటియే.

శ్రోతలకు మా మనవి స్వల్పము. ఈ రాత్రి మీ పిల్లలు లెక్కల పుస్తకము తెరచినపుడు, మాకు రాదని లేచిపోకుడు. ఆంగ్లపు మాట తెలియకున్న తెలుగులో చదివి చెప్పుమని అడుగుడు. ఇంటిలో పెద్దవారున్నచో వారి చెంతకు పంపుడు. ఏది పెరుగును, ఏది తరుగును అని వారు ఒక్క ప్రశ్న వేసిన చాలును. గుణకార భాగహారములు పిల్లలు తామే చేసికొందురు.